తడి రోడ్డు మీద వెనక చక్రం

మా తణుకు మీదుగా పోయే పెద్ద రోడ్డుకి నా ఎరుకలోనే మూడు నంబర్లు మారాయి. నేను లారీ ఎక్కిన రోజుల్లో అది ఐదో నంబరు జాతీయ రహదారి. 2010లో దేశమంతటా రోడ్ల నంబర్లు తిరగరాసినప్పుడు పదహారయింది. ఆ తరవాత గుండుగొలను నుంచి దేవరపల్లి, కొవ్వూరు మీదుగా కొత్త దారి పడ్డాక ఆ పదహారు అటు వెళ్ళిపోయి మనకి 216ఏ మిగిలింది. నంబర్లతో పాటు రోడ్డూ వెడల్పయింది, మధ్యలో డివైడరు లేచింది, చెట్లు పోయాయి. తొలకరి పడిన రోజు జారడం మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఆ జారుడు సంగతీ, దాన్ని కాచుకోవడం ఒకప్పుడు మా లైన్లో ఎలా నేర్పేవారన్న సంగతీ రాసి పెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఏటా వానాకాలంలో ఎక్కడో ఒకచోట పాతికేళ్ళు నిండని కుర్రాడు బలమైన కారు నడుపుతూ రోడ్డు మీంచి వెళ్ళిపోతాడు. పేపర్లో నాలుగు లైన్లు వస్తాయి. ఊరంతా పొగరనీ, డబ్బు మదమనీ అంటుంది. డ్రైవింగు స్కూలు పెట్టి ఎంతోమంది కుర్రాళ్ళకి స్టీరింగు నేర్పినవాడిగా నాకు ఆ మాట మింగుడు పడదు. నేర్పవలసినది నేర్పకుండా తాళం చేతిలో పెట్టింది పెద్దవాళ్ళం మనం.

మా డెల్టాలో ముందు వచ్చినవి కాలువలు, తరవాత రోడ్లు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక విజ్జేశ్వరం నుంచి పడమటి కాలువలు పారాయి. ఆ కాలువలు పొలాలకి నీళ్ళిచ్చేవే కాదు, సరుకు మోసే దారులు కూడా. లాకుల దగ్గర పడవల్ని ఎత్తి దించేవారు. కాలువ తవ్విన మట్టి గట్టయింది. ఆ గట్టే బండిబాట అయింది, కంకర రోడ్డయింది, చివరికి తారు రోడ్డయింది. అందుకే ఇవాళ్టికీ మా లోపలి ఊళ్ళ రోడ్లు కాలువ ఎటు తిరిగితే అటే తిరుగుతాయి. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క చేను, మధ్యలో దిగడానికి జానెడు అంచు ఉండదు. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగితే నడిచే పడవల కోసం గీసిన మలుపులవి. వాటి మీద ఇప్పుడు గంటకి నూరు కిలోమీటర్లు పోదామని చూస్తున్నాం.

నేల సంగతి కూడా చెప్పాలి. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, జిగట మట్టి. నాట్ల రోజుల్లో దమ్ము చేసిన ట్రాక్టరు చేలోంచి రోడ్డెక్కిందంటే చక్రాలకి పట్టిన బురద చాలా దూరం రాలుతూ పోతుంది. దాని మీద భారీ వర్షం పడితే భయం లేదు, కడిగేస్తుంది. సన్న జల్లు పడిందా, సబ్బు రాసినట్టే. ఎండాకాలమంతా రోడ్డు మీద కారిన ఆయిలు, అరిగిన టైరు పొడి, దుమ్ము అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి మొదటి జల్లు మొదటి అరగంట మరీ ప్రమాదం. కోతలప్పుడు గడ్డి, ఆరబోసిన ధాన్యం. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు తణుకులో ఆంధ్రా షుగర్స్ పెట్టిన తరవాత చెరకు సీజన్లో బళ్ళ మీంచి జారిన గడలు, ఆకు. రోడ్డు పొడిగా ఉన్నా జారే రోజులు మాకు ఉంటాయని కొత్తవాళ్ళకి తెలియదు.

నేను 1973లో క్లీనర్‌గా చేరాను. ఆ రోజుల్లో డ్రైవింగు స్కూలన్న మాట మా ఊళ్ళో వినలేదు. నేర్చుకోవాలంటే ఒక డ్రైవరు దగ్గర చేరడమే దారి. ఆయన్ని గురువుగారూ అనే పిలవాలి. లారీ కడగడం, టైరు విప్పడం, ఎక్కుడులో ఆగితే చక్రం కింద చెక్క వేయడం, రాత్రి పక్కన కూర్చుని ఆయన నిద్రపోకుండా కబుర్లు చెప్పడం, ఇవీ మా పని. స్టీరింగు ముట్టుకోవడానికి ఏళ్ళు పట్టేది. ఆ ఏళ్ళన్నీ పక్క సీట్లోంచి రోడ్డు చూడడమే చదువు.

మా గురువుగారికి ఒక అలవాటుండేది. వాన తగ్గగానే లారీ పక్కకి ఆపి, “ఒరేయ్ అబ్బాయ్, చెప్పులిప్పి నాలుగడుగులు నడిచి రా” అనేవారు. నడిచి వచ్చాక ఎక్కడ జారింది, ఎక్కడ పట్టు దొరికింది అని అడిగేవారు. రోడ్డు నడిమధ్య ఆయిలు చార నల్లగా మెరుస్తుంది, చక్రాలు పోయే జాడలో గరుకుంటుంది, అంచున బురద. అరికాలితో ఒకసారి తెలుసుకుంటే తరవాత కళ్ళతోనే తెలిసిపోయేది. వైపరు సరిగ్గా పనిచేయని లారీలు కదా, అద్దం మీద పొగాకు రుద్ది నీళ్ళు నిలవకుండా చేసేవాళ్ళం. ఆయన చెప్పిన పాఠం ఇంతే: తడిలో ఏ పనీ గభాలున చేయకు. బ్రేకు నెమ్మది, గేరు నెమ్మది, స్టీరింగు నెమ్మది, యాక్సిలేటరు మరీ నెమ్మది. మలుపులోకి వెళ్ళాక బ్రేకు వెతుక్కోకు, వెళ్ళకముందే వేగం దించుకో.

నన్ను నిజంగా డ్రైవర్ని చేసింది గుడ్ల లోడు. మా తణుకు చుట్టుపక్కల కోళ్ళ ఫారాలు పెరిగిన కాలమది. 1982లో డాక్టర్ బి.వి.రావు గారి పూనికతో కోళ్ళ రైతుల సంఘం ఎన్‌ఈసీసీ వచ్చాక మా గుడ్లు బెంగాలు, అస్సాం దాకా ధర పలికాయి. పెట్టెకి 210 గుడ్లు. ఆ పెట్టెలు లారీ నిండా పేర్చుకుని విశాఖ, శ్రీకాకుళం, భువనేశ్వర్ దాటి కలకత్తా చేరాలి. గట్టిగా బ్రేకు వేస్తే ముందు వరస పెట్టెలు నలిగిపోతాయి. మలుపు కోసేస్తే పక్క వరస. దారిలో ఎంత తొందరపడ్డావో దిగుమతి దగ్గర పచ్చసొన చెప్పేస్తుంది, దాచుకోలేవు. ఒరిస్సా వానల్లో ఆ లోడుతో తిరిగినవాడికి కాలు దానంతటదే మెత్తబడుతుంది. ఇప్పటికీ గుడ్ల లారీ నడిపిన డ్రైవరంటే కళ్ళు మూసుకుని నా స్కూలు కారు ఇచ్చేస్తాను.

అప్పటి కార్ల సంగతికి వస్తాను. మా వైపు పెద్ద రైతుల ఇళ్ళలో ఉన్నది అంబాసిడరు. ఇంజను ముందుంటే, తోసేది వెనక చక్రాలు. లారీకీ అంతే. బురదలో యాక్సిలేటరు ఎక్కువ తొక్కితే వెనక చక్రం గిరగిరా తిరిగి బండి తోక పక్కకి పోతుంది. తోక ఎటు పోతే స్టీరింగు అటే తిప్పి, యాక్సిలేటరు మీద కాలు మెత్తగా సడలించి, బండి సర్దుకోగానే స్టీరింగు తిన్నగా తెచ్చుకోవాలి. ఇది నోటితో చెబితే వచ్చే విద్య కాదు. అంబాసిడరు ఇంజను బలం ఏభై గుర్రాల చుట్టుపక్కలే గనక తోక మెల్లగానే జారేది, సరిదిద్దుకోవడానికి వ్యవధి ఇచ్చేది. డొంకల్లో, గట్టు రోడ్ల మీద అలా పది వానాకాలాలు జారి జారి నేర్చుకున్న డ్రైవర్లు ఊరూరా ఉండేవారు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాన్ని లాగేది ముందు చక్రాలు. ముక్కు ఎటు తిప్పితే అటు వెళ్తుంది, తోక బుద్ధిగా వెంట వస్తుంది. మధ్యతరగతికి కారు తెచ్చిన గొప్ప బండి అది, నా స్కూలు మొదలైంది కూడా దానితోనే. కానీ ఆ తరవాత వచ్చిన శాంత్రో, స్విఫ్టు వరకు మన ఇళ్ళలో కార్లు చాలావరకు ముందు చక్రాలవే కావడంతో వెనక చక్రం జారితే ఏం చేయాలన్న విద్య ఒక తరం పాటు ఎవరికీ అవసరం పడలేదు. కొడుకుకి చెప్పడానికి తండ్రికే తెలియకుండా పోయింది. క్లీనరు నుంచి డ్రైవరయ్యే పద్ధతి కూడా దాదాపు అదే కాలంలో పలచబడింది. జరిగిన నష్టం ఎవరికీ కనపడలేదు, ఎందుకంటే అప్పటికి కార్లలో అంత బలం లేదు.

బలం ముందు బైకులతో వచ్చింది. 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 దిగింది. నూరు కిలోల బండికి పదకొండు గుర్రాల బలం. తొంభైల మొదట్లో భీమవరం వైపు రొయ్యల డబ్బు వచ్చినప్పుడు ప్రతి వీధిలో ఆ చప్పుడే. వాన పడిన సిమెంటు రోడ్డు మీద ఆ బండి మీంచి పడి మోచేయి విరగ్గొట్టుకోని కుర్రాడు లేడంటే నమ్మండి. ఆ తరవాత నాలుగు వరసల రోడ్డు పడింది. స్వర్ణ చతుర్భుజి కింద మద్రాసు-కలకత్తా దారి వెడల్పయినప్పుడు నాలాంటివాళ్ళం పండగ చేసుకున్నాం. ఎదురు వాహనం భయం పోయింది, తిన్నటి దారి. ఆ తిన్నటి దారే కుర్రాళ్ళకి రోడ్డు తమదన్న ధైర్యం ఇచ్చింది.

పెద్ద కార్లు ఆ తరవాత వచ్చాయి. ఇవాళ సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కనపడే కార్లు చూస్తే ఏ దేశంలో ఉన్నామో అనిపిస్తుంది. 2016లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌నే తీసుకోండి. సుమారు 400 గుర్రాల బలం, తోసేది వెనక చక్రాలు. స్పోర్ట్స్ కార్లలో చాలావాటి పద్ధతి ఇదే. అంటే మన తాతల అంబాసిడరులో ఉన్న వెనక చక్రమే ఎనిమిదింతల బలంతో తిరిగి వచ్చింది. దాన్ని పట్టుకున్న కుర్రాడు మాత్రం ముందు చక్రాల స్విఫ్టులో నేర్చుకున్నవాడు.

కొన్నేళ్ళ కిందట ఒక జులై సాయంత్రం దువ్వ దాటాక టీ కొట్టు దగ్గర స్కూలు కారు ఆపుకుని ఉన్నాను. అప్పుడే పెద్ద వాన వెలిసింది. డివైడరు పక్క వరసలో, లారీల చక్రాలకి అణిగిపోయిన జాడలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. తాడేపల్లిగూడెం వైపు నుంచి ఒక విదేశీ కారు లారీని దాటుకుని ఆ నీళ్ళలోకి వచ్చింది. ముందు నాకు వినపడింది ఇంజను చప్పుడు. ఉన్నట్టుండి కీచుగా లేచింది. చక్రాలకి రోడ్డు తగలడం మానేసిందన్నమాట, నీళ్ళ మీద వట్టినే తిరుగుతున్నాయి. ఆ చప్పుడుకి కుర్రాడు బెదిరి కాలు టక్కున తీసి బ్రేకు నొక్కాడు. బరువంతా ముందుకి పడి వెనక తేలికైంది. నీళ్ళ జాడ దాటి ముందు చక్రాలకి పట్టు దొరకగానే తోక తిరిగింది. కారు ఒకటిన్నర చుట్లు తిరిగి, రోడ్డు దిగి నారుమడిలో కూరుకుపోయింది. దేవుడి దయ, అక్కడ చెట్టు గానీ కాలువ గానీ లేదు.

కుర్రాడు దిగి వణుకుతూ నిలబడ్డాడు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను. “నేనేం చేయలేదండీ మాస్టారూ, దానంతటదే తిరిగిపోయింది” అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం. తనేం చేశాడో తెలియజెప్పినవాళ్ళు లేరు. ట్రాక్టరుతో కారు లాగుతున్నప్పుడు వెనక టైర్లు చూశాను. మా మారుతి టైరుకి రెట్టింపు వెడల్పు, నడుమ గాట్లు అరిగి నున్నగా ఉన్నాయి. అంత వెడల్పు టైరు పొడి రోడ్డు మీద గొప్ప పట్టు ఇస్తుంది. తడిలో అదే తిరగబడుతుంది, ఎందుకంటే తన కిందున్న నీళ్ళని పక్కలకి తోయడానికి దానికి వ్యవధి చాలదు.

ఇది విమానాల వాళ్ళు ముందు తేల్చుకున్న విషయం. తడి రన్‌వే మీద విమానాలు ఆగకుండా జారిపోతుంటే అమెరికాలో నాసా లాంగ్లీ కేంద్రంలో వాల్టర్ హార్న్ అనే ఇంజనీరు, ఆయన తోటివాళ్ళు పరిశోధించి 1963లో ఒక లెక్క ప్రకటించారు. టైరు నీళ్ళ మీద తేలే వేగం అందులోని గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది. 30 పౌండ్ల గాలి ఉన్న కారు టైరు, తగినన్ని నీళ్ళు నిలిచిన చోట గంటకి సుమారు 90 కిలోమీటర్ల దగ్గర పూర్తిగా తేలిపోతుంది. గాలి 25కి తగ్గితే 83 దగ్గరే. గాట్లు అరిగితే పలచటి నీళ్ళు కూడా చాలు. మా లోడు లారీ టైర్లలో 100 పౌండ్ల దాకా కొట్టేవాళ్ళం కాబట్టి మా వేగాలకి అవి జారేవే గానీ తేలేవి కావు. మా గురువుగారి చదువులో కూడా ఇది లేదు. తేలిన క్షణంలో స్టీరింగు చేతిలో వట్టిదైపోతుంది, దూది పట్టుకున్నట్టుంటుంది. అప్పుడు చేయవలసిందల్లా స్టీరింగు తిన్నగా పట్టుకుని, బ్రేకు జోలికి పోకుండా, యాక్సిలేటరు మెల్లమెల్లగా వదులుతూ చక్రం మళ్ళీ నేల తాకేదాకా ఓర్చుకోవడం. భయం వేసినప్పుడు మనిషి కాలు దానికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. నేర్పు అంటే ఆ కాలిని ఆపడమే.

కార్లలో కాపలాలు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 1978లో బెంజ్ కారుకి వచ్చింది, మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. తోక తిరగకుండా చూసే ఈఎస్‌పీ కూడా బెంజ్‌లోనే 1995లో మొదలైంది. చాలా ప్రాణాలు నిలబెట్టాయి. అయితే చాలా స్పోర్ట్స్ కార్లలో ఒక మీట నొక్కితే ఆ కాపలా సడలిపోతుంది. పైగా నేలని తాకని టైరుని ఏ యంత్రమూ ఆపలేదు.

హైదరాబాదులో పోయిన పిల్లలు గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది. 2011 సెప్టెంబరులో క్రికెటర్ అజహరుద్దీన్ గారి కుమారుడు అయాజుద్దీన్, 19 ఏళ్ళవాడు, వెయ్యి సీసీ బైకు మీద ఔటర్ రింగు రోడ్డులో పడి కన్నుమూశాడు. అదే ఏడాది డిసెంబరులో కోమటిరెడ్డి వెంకటరెడ్డి గారి అబ్బాయి ప్రతీక్ అదే ఔటర్ మీద కారు ప్రమాదంలో పోయాడు. 2017 మే 10 తెల్లవారుజామున మంత్రి నారాయణ గారి కుమారుడు నిషిత్, అతని స్నేహితుడు జూబ్లీహిల్స్‌లో బెంజ్ కారు మెట్రో పిల్లరుకి గుద్దుకుని చనిపోయారు. 2021 సెప్టెంబరులో నటుడు సాయిధరమ్ తేజ్ బైకు కేబుల్ బ్రిడ్జి దాటాక రోడ్డు మీద ఇసుకకి జారింది. హెల్మెట్ ఉంది కాబట్టి మనకి మిగిలాడు, ఇప్పుడు సభల్లో హెల్మెట్ పెట్టుకోమని బతిమాలుతున్నాడు. ఇవన్నీ తడి రోడ్ల కథలని నేననడం లేదు. చాలావాటిలో బలమైన బండి ముందు చేతికొచ్చింది, అనుభవం తరవాత రావలసి వచ్చింది. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో మూడింట రెండు వంతులు 18 నుంచి 45 ఏళ్ళ మధ్యవాళ్ళు.

వేగం మీద మోజు తప్పని నేను చెప్పను. మద్రాసు లోడుకి వెళ్ళినప్పుడు ఐదో నంబరు రోడ్డు పక్కనే షోలవరం వచ్చేది. యుద్ధకాలపు విమానాల దారి మీద అక్కడ కారు పందాలు పెట్టేవారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాకు తెరిచారు. అక్కడ నడిపేవాళ్ళు హెల్మెట్టు, బెల్టు లేకుండా సీటెక్కరు, వాన వస్తే వానకి పనికొచ్చే టైర్లు మారుస్తారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ పందెం జరిగితే మన పిల్లలు ఎగబడి చూశారు. మోజు ఉంది. తీర్చుకునే చోటు కోస్తా అంతటిలో ఒక్కటీ కనపడదు, అందుకని పెరవలి-సిద్ధాంతం మధ్య రోడ్డు మీద తీర్చుకుంటున్నారు.

ఇతర దేశాలు ఏం చేశాయో చూస్తే మనం చేయగలిగిందేమిటో తెలుస్తుంది. ఫ్రాన్సులో మోటారు మార్గాల మీద మామూలుగా 130 కిలోమీటర్ల వేగం, వాన పడితే 110. చట్టంలోనే రాశారు. మన దగ్గర 2018 ఉత్తర్వు నాలుగు వరసల రోడ్డు మీద కారుకి గరిష్ఠం 100 పెట్టింది, ఎండైనా వానైనా అదే. నార్వేలో కారు లైసెన్సు కావాలంటే జారే ట్రాకు మీద నడిపి తీరాలి. మన పరీక్షలో ఎనిమిది అంకె తిప్పించి పంపేస్తారు, అది కూడా పొడి నేల మీద. 2019 సవరణ చట్టం మైనరుకి బండి ఇచ్చిన తండ్రికి మూడేళ్ళ దాకా జైలు, పాతిక వేల జరిమానా పెట్టింది. మంచిదే. 2024 మేలో పూణేలో పదిహేడేళ్ళ కుర్రాడి పోర్షే కింద ఇద్దరు యువ ఇంజనీర్లు పోయాక దేశమంతా ఆ చట్టం గురించే మాట్లాడింది. పద్దెనిమిది నిండిన మర్నాటి నుంచి ఏమిటన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

రవాణా శాఖ వారిని నేను అడిగేది ఒకటే. జిల్లాకొక ఎకరం స్థలం, దాని మీద నున్నటి సిమెంటు గచ్చు, నీళ్ళు పోయడానికి ఒక బోరు చాలు. లైసెన్సు తీసుకునే ప్రతివాడినీ గంటకి ముప్పై కిలోమీటర్ల వేగంతో ఆ తడి గచ్చు మీద ఒకసారి జారనివ్వండి. ఆ వేగంలో ఎవరికీ ఏమీ కాదు, కాలికి మాత్రం జీవితాంతం గుర్తుంటుంది. స్థలం చూపిస్తే నేర్పడానికి నాలాంటి పాత డ్రైవర్లు ఊరికొకరు ఉన్నారు, డబ్బు అడగరు.

అమ్మా, అయ్యా, మీ ఇంట్లో వెనక చక్రాలు తోసే బలమైన కారుంటే తాళం ఇచ్చేముందు అబ్బాయి పక్కన మీరు కూర్చుని ఒక వానాకాలం తిరగండి. తొలకరికి ముందే టైర్లు చూడండి. గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే చట్టం ఒప్పుకోదు. వాన దానికంటే ముందే ఒప్పుకోదు కాబట్టి 3 మిల్లీమీటర్లు ఉన్నప్పుడే మార్పించండి.